ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల వాన

ఆ బుధవారం మంగాయమ్మ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. ఎండ ముదిరేలోగా, వాన కోసం కప్పతల్లిని వీధంతా తిప్పి, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళకి బిందెలతో వీధి మూల నిలబడాలి. మధ్యలో వీలు చిక్కితే ఎసట్లో పప్పు వెయ్యాలి.

చోడవరంలో ఆ ఏడు మే నెల అలా వచ్చింది. నూతిలో చేద వేస్తే బురద తగిలేది. బోరింగు కొడితే ముందు దగ్గు, తరవాత గాలి, అదృష్టం బాగుంటే చివర్న చెంబెడు తుప్పునీళ్ళు. ఆ చుట్టుపక్కలని వర్షాభావ ప్రాంతంగా ప్రకటించారు కాబట్టి రోజు విడిచి రోజు సర్కారు ట్యాంకరు వచ్చేది. ట్యాంకరు వస్తే వీధికి వంటా స్నానమూ ఉన్నట్టు, రాకపోతే రెండూ లేనట్టు. దాన్ని వేయించడానికి మంగాయమ్మ ఏప్రిల్ నెలంతా ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. మొదట్లో ఈవిడెవరని అడిగినవాళ్ళు, చివరికి ఆ బిందె గేటు దగ్గర కనబడగానే కాగితం మీద సంతకం పెట్టడం నేర్చుకున్నారు. అందుకే వీధివాళ్ళు దాన్ని మంగాయమ్మ ట్యాంకరు అనేవారు. కాని ట్యాంకరు వచ్చింది కదా అని వానని వదిలిపెట్టే మనిషి కాదామె.

ఆమె భర్త దాసుకి వానతో ఉద్యోగ సంబంధం ఉంది. ఊరి చివర ఒక చిన్న ప్రభుత్వాఫీసు ఉండేది. దాని అసలు పేరు బోర్డు మీద ఎండకి వెలిసిపోయింది, జనం వానల ఆఫీసు అనేవారు. ఆవరణలో కంచె కట్టిన చిన్న జాగాలో మోకాలెత్తు గొట్టమొకటి పాతి ఉండేది, దాని పైన గరాటు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి దాసు గొట్టంలోని నీటిని కొలిచి, ముందురోజు ఎండ ఎంత కాసిందో ఉష్ణమాపకంలో చూసి, రెండంకెలూ విశాఖపట్నానికి ఫోనులో చెప్పేవాడు. అక్కడివాళ్ళు ఆ అంకెల్ని ఏటా ఉండే సాధారణంతో పోల్చి, ఎంత ఎక్కువో ఎంత తక్కువో తేల్చి రేడియోకి ఇచ్చేవారు. వేసవిలో దాసు చెప్పే వాన అంకె సున్నా. ఆ సున్నాని కూడా అతను కంచెలోకి వెళ్ళి, వంగి, గొట్టంలోకి చూసి మరీ చెప్పేవాడు. పరికరం చెప్పినదానికి తన మాట ఒక్కటి కూడా కలపకపోవడం అతని వ్రతం. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా "వేసినంత ఉంది" అనేవాడు.

అలాంటి మనిషి దగ్గర కప్పతల్లి మాటెత్తితే నవ్వుతాడు. అందుకే అతను పొద్దున్న అంకెలు చెప్పగానే మీటింగుకని బస్సెక్కి అనకాపల్లి వెళ్ళే బుధవారాన్నే మంగాయమ్మ ఎంచుకుంది.

చిక్కు కప్ప దగ్గర వచ్చింది. రోకలి, వేపమండలు, పసుపు, పాడే ఆడవాళ్ళు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కప్ప లేదు. ఆ కరువుకి ఊళ్ళో కప్పలన్నీ ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. చివరికి ఒకే ఒక్కటి పక్కింటి చాంద్ బీ స్నానాలగదిలో, నీళ్ళ కాగు వెనక తడి చూసుకుని కాపురముంటోందని తెలిసింది. చాంద్ బీ భర్త షరీఫుద్దీనే ఆ ట్యాంకరు డ్రైవరు కావడం వల్ల ఆ ఇంట్లో ఎప్పుడూ కాస్త తడి ఉండేది.

"తీస్కెళ్ళు మంగక్కా, నాకేటి" అంది చాంద్ బీ. "గానీ మళ్ళీ తెచ్చి ఆ కాగు ఎనకే ఎట్టీ. బొద్దింకల్ని అదే సూసుకుంటన్నాది."

"దేవతని చేసి ఊరేగిస్తంటే బొద్దింకల కాడికి తెమ్మంటావేటే?"

"దేవతయితే మాత్రం తిండి తినొద్దేటి?"

కప్పని వేపమండల్లో వదులుగా చుట్టి రోకలి నడుమ కట్టి, రోకలి చెరో కొసనీ ఇద్దరు భుజానికెత్తుకున్నారు. ఇంటింటి ముందూ ఆగాలి, ఇల్లాలు బయటికొచ్చి కప్ప మీద బిందెడు నీళ్ళు పొయ్యాలి. కింది నీళ్ళని చూసి పై నీళ్ళకి సిగ్గొచ్చి దిగి రావాలి. అదీ పద్ధతి. కాని బిందెడు నీళ్ళు ఎవరి దగ్గరున్నాయి? ఇంటికో గ్లాసు పోశారు. ఒకావిడ పుడిసెడు చిలకరించి, మిగతాది తను తాగేసింది. వీధి చివరికి వచ్చేసరికి కప్ప తడిసిందో లేదో చెప్పలేని స్థితిలో ఉంది. వాన కూడా ఇలాగే చుట్టం చూపుగా వచ్చిపోతుందేమోనని మంగాయమ్మకి బెంగపట్టింది.

ఎదురుగా వానల ఆఫీసు కనబడింది. దానికి సొంత బోరు ఉంది.

"ఊరందరం పోస్తన్నాం. గవర్నమెంటు పొయ్యకపోతే ఎలగ?" అని ఆమె రోకలిని గేటులోకి తిప్పించింది.

ఆఫీసరు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన మర్యాదస్తుడు. ఆడవాళ్ళు వాకిట్లోకి వచ్చి నీళ్ళడిగితే లేదనడం ఆయనకి తెలియదు. ఆవరణలో కాస్త పచ్చగా ఉన్న చోటు ఆ కంచె జాగా ఒక్కటే, అటెండరు పెదబాబు అక్కడ గడ్డి పెంచుతున్నాడు. మోసి మోసి భుజాలు వాచినవాళ్ళు రోకలి రెండు కొసల్నీ కంచె గుంజల మీద ఆనించారు. కప్పకి సరిగ్గా కింద గరాటు నోరు తెరుచుకుని ఉంది, ఎవరో పళ్ళెం పట్టినట్టు. ఆఫీసరు గారు స్వయంగా ఒక బకెట్టు పోశారు. ఆయన పోశాక ఊరుకుంటే బాగుండదని పెదబాబు ఒకటి పోశాడు. ఇద్దరూ పోశాక టైపిస్టుకి ఉత్సాహమొచ్చింది. కప్ప తన జన్మలో అంత స్నానం చేసి ఉండదు.

వెళ్ళబోతూ మంగాయమ్మ ఇంకొకటి గమనించింది. కంచె పక్కన నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్క బీరువా. నాలుగు వైపులా ఎండ చొరకుండా గాలి మాత్రం ఆడేలా ఏటవాలు చెక్క రెక్కలు, ముందొక తలుపు, తలుపుకి గడియ. పాలూ పెరుగూ దాచుకోవడానికి అంత పద్ధతైన గాలి బీరువా ఆమె పుట్టింట్లో కూడా లేదు. తీసి చూస్తే లోపల గాజుపుల్లల్లాంటివి రెండు తప్ప ఏమీ లేవు. అంత మంచి సామాను వాడకుండా వదిలెయ్యడం ఆమెకి నచ్చలేదు. మర్నాటి నుంచి తన భర్త మంచినీళ్ళ కూజాకి తడిగోనె చుట్టి అందులో పెట్టమనీ, గోనె ఆరినప్పుడల్లా తడపమనీ, సాయంత్రం తీసెయ్యమనీ పెదబాబుకి పురమాయించింది. ఆ బీరువా ఎందుకుందో ఆలోచించడం తన ఉద్యోగంలో భాగం కాదని పెదబాబు ఎన్నడో నిర్ణయించుకున్నాడు. సరే అమ్మా అన్నాడు.

గురువారం పొద్దున్న దాసు అలవాటు ప్రకారం వంగి గొట్టంలోకి చూశాడు. చూసి లేచి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ వంగాడు. కొలిస్తే ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు తేలింది.

రాత్రంతా అతను డాబా మీదే పడుకున్నాడు. దుప్పటి మీద చినుకు పడలేదు. కాని దుప్పటి పరికరం కాదు. కింద గడ్డి కూడా తడిగా ఉంది. పెదబాబుని అడుగుదామంటే తొమ్మిదికి గాని రాడు, ఫోను ఎనిమిదిన్నరకే చెయ్యాలి. తనకి మొద్దునిద్ర పట్టి ఉంటుందనుకుని దాసు అంకె చెప్పేశాడు. చెప్పేసిన అంకె గురించి మళ్ళీ విచారించే అలవాటు అతనికి లేదు.

జిల్లా అంతా పొడిగా ఉండగా చోడవరంలో మాత్రం భారీగా వర్షం కురిసిందని ఆ సాయంత్రం రేడియో చెప్పింది. వీధిలో జనం బయటికొచ్చి ఆకాశం వంక చూశారు. ఊరికి అవతలి వైపు పడి ఉంటుందని వీళ్ళనుకున్నారు. అవతలివాళ్ళు ఇటు పడిందనుకున్నారు. కప్పతల్లి కరుణించింది గాని ఇంటినంబరు తప్పిందని మంగాయమ్మ సరిపెట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి ఇంకో విచిత్రం మొదలైంది. ఊళ్ళో కాకులు నోళ్ళు తెరుచుకుని నీడల్లో పడి ఉంటే, చోడవరంలో పగటి ఉష్ణోగ్రత సాధారణం కంటే ఆరు డిగ్రీలు తక్కువగా నమోదైందని రేడియో రోజూ చెప్పడం మొదలుపెట్టింది. దాసు మాత్రం ఆఫీసులో చల్లటి నీళ్ళు తాగుతూ హాయిగా ఉన్నాడు. ఆ చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తోందని అతను అడగలేదు. అన్నం ఎక్కణ్ణుంచి వస్తోందని ఇంట్లోనూ ఎప్పుడూ అడగలేదు.

రేడియో విన్నవాళ్ళు ఊరుకుంటారా? ముందుగా బుచ్చయ్యపేట నుంచి దాసు అక్క అచ్చియ్యమ్మ దిగింది. వెంట ముగ్గురు మనవలు, రెండు మూటల మాసిన బట్టలు.

"మీకు ఆరు డిగ్రీలు తక్కువట కదే మంగా. నూతులు కూడా నిండే ఉంటాయి. ఈ ఎండలు పోయేదాకా ఇక్కడే ఉంటాం" అని ఆవిడ మూట విప్పి దుప్పట్లు బయటపడేసింది. వాటిని నానబెట్టడానికి నీళ్ళెక్కడున్నాయని అడగబోయి, ఆడపడుచు కదా అని మంగాయమ్మ మింగేసింది.

తరవాత కె.కోటపాడు నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకి కావలసింది చుట్టరికం కాదు, కప్ప. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు కురిపించిన కప్పని ఒక్కరోజు ఇస్తే తమ ఊళ్ళోనూ తిప్పుకుంటామన్నారు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు మాడుగుల నుంచి ఒకాయన హల్వా పొట్లంతో వచ్చాడు. చాంద్ బీ హల్వా పుచ్చుకుంది, కప్పని మాత్రం ఇవ్వలేదు. అంతమంది వచ్చి కాగు వెనక తొంగిచూసి దణ్ణాలు పెడుతుంటే తను తలంటుకునేది ఎప్పుడని మంగాయమ్మ మీద కోప్పడింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆదివారం ట్యాంకరు రాలేదు. మంగళవారమూ రాలేదు. వీధి మూల బిందెలు వరసగా నిలబడి, నిలబడి, ఒక్కొక్కటే ఇళ్ళకి పోయాయి. సాయంత్రం షరీఫుద్దీన్ సైకిలు దిగుతుంటే మంగాయమ్మ అడ్డం వెళ్ళింది.

"మాడుగుల రూట్లో ఏసీసేరక్కా" అన్నాడతను. "మనకి వాన పడిపోనాదంట. పైగా సల్లగా కూడా ఉన్నాదంట. అలాటూరికి ట్యాంకరు దండగని లిస్టులోంచి తీసీసేరు."

"ఎక్కడ పడింది తమ్ముడూ?"

"నాకేటి తెలుసు? మీ ఆయనే సెప్పేడంట."

మంగాయమ్మ ఇంట్లోకి వచ్చింది. దాసు అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"వాన పడిందని మీరు సెప్పేరా?"

"గొట్టంలో ఉంది. సెప్పేను."

"మన డాబా మీద పడిందా?"

"మన డాబా మీద గొట్టం లేదు."

"ఊళ్ళో ఒక్క మనిషి తడవలేదు. నూతిలో ఒక్క సుక్క ఊరలేదు. ట్యాంకరు పోయింది. మీ అక్క దుప్పట్లు నానబెట్టమంటన్నాది. ఏరోజు పడిందండీ మీ వాన?"

"బుధవారం. గురువారం పొద్దున్న సూసేను. పరికరం అబద్ధమాడదే."

మంగాయమ్మ బుధవారాన్ని గుర్తు చేసుకుంది. రోకలి, కంచె గుంజలు, కింద తెరుచుకున్న నోరు, ఆఫీసరు గారి బకెట్టు. ఆమె గుమ్మంలో చతికిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. దాసు విసనకర్ర ఆపాడు.

"ఎన్ని బకెట్లు?" అన్నాడు.

"మూడు."

"నాలుగోది పోసుంటే తుఫానయ్యేది" అన్నాడు. అతని మనసు ఎప్పుడూ ముందు కొలతల మీదికే పోయేది.

అంకె మార్చమంటే మాత్రం అతను ఒప్పుకోలేదు. అది తన అంకె కాదు, గొట్టం అంకె అన్నాడు. ఇక అతనితో పని కాదని మంగాయమ్మ మర్నాడు ఆఫీసు వేళకి చాంద్ బీని వెంటబెట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. కరెంటు లేదు. ఆఫీసరు గారు చేతిరుమాలు మెడలో వేసుకుని ఫైలుతో విసురుకుంటూ, ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. నీళ్ళు పోసింది నిజమేనని మర్యాదగా ఒప్పుకున్నారు కూడా.

"కాని ఫోనులో వెళ్ళిపోయిన వానని వెనక్కి పిలిచే రూలు లేదమ్మా. ఒక్కటే దారి. అది వాన కాదని రెండో పరికరమైనా చెప్పాలి. వాన పడకపోతే చల్లబడదు కదా." ఆయన అంకెలు తెప్పించి చూశారు. చూసి నిట్టూర్చారు. "చూశారా, గురువారం నుంచీ వరసగా ఆరు డిగ్రీలు తక్కువ. వాన పడిందనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?"

"మీకు సెమట్లు కారిపోతన్నాయి కదండీ" అంది మంగాయమ్మ.

"కారుతున్నాయి. నా చెమటని కొలిచే పరికరం ఈ ఆఫీసుకి ఇవ్వలేదు."

ఆ రెండో పరికరం ఎక్కడుందో చూపించమంది మంగాయమ్మ. ఆఫీసరు గారు దాసుని పిలిచి చూపించమన్నారు. దాసు కంచె పక్కకి నడిచి, ఆ తెల్లటి బీరువా ముందు నిలబడి, పూజగది తలుపు తీసినంత భక్తిగా గడియ తీశాడు.

లోపల తడిగోనె చుట్టిన కూజా ఉంది. ఉష్ణమాపకం గోనెకి ఆనుకుని, అత్తారింటికొచ్చిన అల్లుడిలా సుఖంగా ఉంది.

అందరూ కాసేపు దాని వంక చూశారు.

"మంగక్కా, ఆ గోనె మీదే కదా?" అంది చాంద్ బీ నెమ్మదిగా. "నిరుడు ఉల్లిపాయలు తెచ్చేం సూడు, అదే."

"గాలి బీరువా అనుకున్నాను" అంది మంగాయమ్మ.

దాసు కూజా వంక చూశాడు, భార్య వంక చూశాడు. తను వారం రోజులుగా తాగుతున్న చల్లటి నీళ్ళు అప్పుడు గుర్తొచ్చినట్టున్నాయి. ఆఫీసరు గారు అందరినీ గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. ఈ సంగతి ఇక్కడితో ఆపేద్దామని, పైకి తెలిస్తే వాన కురిపించింది తను, చల్లబరిచింది దాసుగారి ఇంటావిడ అని తేలుతుందని, ఎవరికీ మంచిది కాదని బతిమాలినట్టే చెప్పారు.

"నాకు మంచిది అక్కర్లేదండి. ట్యాంకరు కావాలి" అంది మంగాయమ్మ.

ఆమె ఇంటికెళ్ళి ఖాళీ బిందె తీసుకుని విశాఖపట్నం బస్సెక్కింది. అక్కడి పెద్దాఫీసులో వరండాలో బిందె పెట్టుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళేవాళ్ళందరికీ కప్పతో మొదలుపెట్టి కూజాతో ముగిసే కథ చెప్పింది. మధ్యాహ్నానికి ఆఫీసంతా పనులు మానేసి వినడం మొదలుపెట్టింది. ఈవిడని పంపించెయ్యడానికి ఒక మనిషిని చోడవరం పంపడమే సులువని పెద్దాఫీసరుకి అర్థమైంది. తమ ఇన్స్‌పెక్టరు వస్తాడనీ, పరికరాల్ని ఒక పగలూ రాత్రీ ఎవరూ ముట్టుకోకుండా చూసి మర్నాడు దగ్గరుండి కొలిపిస్తాడనీ, ఆ కొలతని బట్టి కరువు ఉందో లేదో తేలుస్తారనీ ఆయన మాటిచ్చాడు.

ఒక పగలూ రాత్రీ చుక్క నీరు గొట్టంలో పడకూడదు. ఆకాశం సంగతి మంగాయమ్మకి బెంగ లేదు. బెంగంతా ఆడపడుచుతోనే. కప్పతల్లికి అసలు మహత్తు కప్పలో లేదనీ, ఆ కంచె జాగాలోనే ఉందనీ అచ్చియ్యమ్మ కనిపెట్టింది. బుచ్చయ్యపేటకి కబురు పెట్టి, ఇన్స్‌పెక్టరు వచ్చే రోజుకే తమ ఊరి రోకలిని కూడా అక్కడికి రప్పించే ఏర్పాటు చేసింది. వద్దంటే వినలేదు.

"మీ ఊరికి పడితే సాలా? మాకొద్దేటి వాన?" అంది.

మంగాయమ్మ వాదించలేదు. తన పెద్ద ఇత్తడి పళ్ళేన్ని గరాటు మీద బోర్లించి, దాని మీద ఇంటి రుబ్బురోలు పొత్రాన్ని పెదబాబు చేతా ఇంకో ఇద్దరి చేతా మోయించి పెట్టించింది. ఆ పొత్రాన్ని ఒంటిచేత్తో ఎత్తగల మనిషి ఆ మండలంలో లేడు.

ఇన్స్‌పెక్టరు జీపు దిగేసరికి ఎండ చిటపటలాడుతోంది. గేటు దగ్గర బుచ్చయ్యపేట ఆడవాళ్ళు రోకలితో, కొత్త కప్పతో, నాలుగు బిందెల నీళ్ళతో సిద్ధంగా ఉన్నారు. ఆయన వాళ్ళని చూశాడు, పళ్ళేన్నీ పొత్రాన్నీ చూశాడు, మంగాయమ్మని చూశాడు. ఈ ఊళ్ళో బుర్రున్న పని ఇదొక్కటేనని మెచ్చుకుని, పళ్ళెం చుట్టూ పురికొస కట్టించి ముడి మీద లక్క సీలు వేయించాడు. కూజా లేని బీరువాకి కూడా ఒక సీలు పడింది.

"రేపు ఎనిమిదిన్నరకి నా ఎదటే తియ్యాలి. అంతవరకూ ఎవరొచ్చినా తియ్యడానికి వీల్లేదు."

దాసు గొంతు సవరించుకున్నాడు. "సార్, మూత ఉంటే వాన పడితే మరి..."

ఇన్స్‌పెక్టరు తలెత్తి చూశాడు. ఆకాశం కడిగిన స్టీలు పళ్ళెంలా ఉంది. "ఇందులోంచా?" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మాడుగుల కొండల మీద నల్లగా ఏదో లేచింది. ముందు దుమ్ము వచ్చింది. దుమ్ము వెనక గాలి, గాలి వెనక రెండు తాటాకు కప్పులు ఎగురుకుంటూ వచ్చాయి. వాటి వెనక వాన వచ్చింది.

అది చినుకులుగా మొదలవలేదు. ఎవరో పైన బకెట్లు ఎత్తి పోసినట్టు మొదలైంది, మూడు కాదు, లెక్క లేనన్ని. వీధిలో ఆడవాళ్ళు బిందెలు, గంగాళాలు, చెంబులు, చివరికి పప్పు గిన్నెలు కూడా చూరుల కింద పెట్టారు. పెట్టింది పెట్టినట్టే నిండాయి. అచ్చియ్యమ్మ దుప్పట్లు దండెం మీదే ఉతికినట్టయి, వాటంతటవే జాడించుకున్నాయి కూడా. చాంద్ బీ కాగు వెనక కప్ప పెరట్లోకి వచ్చి, ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో తెలియని చుట్టపక్కాలందరినీ పిలవడం మొదలుపెట్టింది.

మంగాయమ్మ ఆఖరి బిందె నింపి, పెళ్ళయిన కొత్తలోలాగా కాసేపు వానలో నిలబడింది. అప్పుడు పొత్రం గుర్తొచ్చింది. చెంగు తలకి చుట్టుకుని ఆఫీసుకి పరిగెత్తింది.

కంచె దగ్గర దాసు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు ఎప్పుడో తిరగబడింది, అతనికి తెలియదు. అప్పటికి మూడుసార్లు లోపలికెళ్ళి ఇన్స్‌పెక్టరుని సీలు తియ్యమని అడిగాడట. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరేనని ఆయన అన్నాడట. ఇత్తడి పళ్ళెం మీద వాన డప్పు వాయిస్తోంది. దాని కింద గరాటు పొడిగా, నోరు మూసుకుని కూర్చుంది.

"నిజం వానే" అన్నాడు దాసు. "పన్నెండేళ్ళ సర్వీసులో మే నెల్లో ఇంత వాన నేను సూడలేదే. కొలవకుండా పోతన్నాది. సీలు పీకీమంటావా?"

ముడి మీదికి అతని చెయ్యి వెళ్ళింది. మంగాయమ్మ ఆ చేతి వంకా, ముడి వంకా చూసింది. ఈ వాన ఈ రాత్రికి ఆగుతుంది. నూతిలో నీళ్ళు పదిరోజులు నిలుస్తాయి, బాగా నిలిస్తే పదిహేను. ఆ తరవాత జూన్ అంతా ఉంది. ఇది గొట్టంలో పడిందంటే ట్యాంకరు ఈ ఏటికి ఇక రాదు.

"ఏవండీ" అంది. "పరికరం ఏటి సెబితే అదే కదా మీరు సెప్తారు?"

"అవును."

"మన మాట ఒక్కటి కూడా కలపకూడదు కదా?"

"కూడదు."

"అయితే ఇంటికి రండి. తడిసిపోతన్నారు."

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి ఇన్స్‌పెక్టరు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మడమల లోతు నీళ్ళలో కంచెలోకి వచ్చాడు. లక్క సీలు చెక్కుచెదరలేదు. పెదబాబూ ఇంకో ఇద్దరూ కలిసి పొత్రం దింపారు. దాసు పళ్ళెం తీసి, వంగి, గొట్టంలోకి చూశాడు. చూసి నిటారుగా నిలబడ్డాడు.

"సున్నా సార్."

దూరంగా ఎక్కడో కప్పలు అరుస్తున్నాయి. ఇన్స్‌పెక్టరు తన కాళ్ళ చుట్టూ ఉన్న నీళ్ళ వంక చాలాసేపు చూశాడు. సీలు వేసింది తను. తీసింది తన ఎదట. ఆయన కూడా ఉద్యోగస్తుడే. సున్నా అనే రాసి, గత ఇరవై నాలుగు గంటల్లో వాన జాడ లేదనీ, వర్షాభావ పరిస్థితి కొనసాగుతోందనీ, ట్యాంకరు వెంటనే పునరుద్ధరించాలనీ సంతకం చేశాడు. పాత ముప్పై ఎనిమిది సంగతేమిటని దాసు అడిగితే, వెళ్ళిన అంకెని మార్చే రూలు తనకీ లేదన్నాడు. తరవాత జీపు స్టార్టు కాకపోతే ఆడవాళ్ళందరూ కలిసి బురదలోంచి నెట్టి పంపించారు. కృతజ్ఞతలు చెప్పి మరీ నెట్టారు.

ఆ సాయంత్రమే ట్యాంకరు వచ్చింది. వీధి మూల తిరగబోయి ఇరుసుదాకా బురదలో దిగబడింది. షరీఫుద్దీన్ కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. ప్రతి గుమ్మం ముందూ అంచులదాకా నిండిన బిందెలు. చంటిపిల్లల పాలపీకల సీసాలు కూడా నిండే ఉన్నాయి.

"ఎక్కడ పొయ్యమంటావక్కా?" అన్నాడు.

వీధంతా మంగాయమ్మ వంక చూసింది. ఏప్రిల్ అంతా తిరిగి వేయించిన ట్యాంకరు. విశాఖపట్నం వెళ్ళి తిరిగి తెప్పించిన ట్యాంకరు. మొదటిరోజే నిండుగా వెనక్కి పంపిస్తే, అక్కర్లేదని రాసుకోవడానికి వాళ్ళకి ఎంతసేపు? ఆమె తన నాలుగు బిందెల వాననీటినీ మల్లెపాదులో కుమ్మరించి, బిందెలు కడిగి, వరసగా ట్యాంకరు కింద పెట్టింది. ఆమెని చూసి చాంద్ బీ కూడా రెండు బిందెలు ఒంపేసింది. అలా ఒకరి వెనక ఒకరు. అచ్చియ్యమ్మ మాత్రం, వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరివాళ్ళకి నీళ్ళ విలువ తెలియదని తను అనుకుంటూనే ఉన్నానంది.

నెలాఖరున రేడియో ఆ నెల లెక్కలు చదివింది. దాసు విసనకర్ర ఆపి విన్నాడు. మొదటి రోజుల మండుటెండలూ, కూజా రోజుల చల్లదనమూ కలిసి సగటు అయ్యాయి. మూడు బకెట్లు ఉన్నాయి, అసలు వాన లేదు. జిల్లాలో అన్నిచోట్లా ఎక్కువో తక్కువో తేడా ఉందట.

చోడవరంలో మాత్రం మే నెల ఉష్ణోగ్రతా, వర్షపాతమూ రెండూ సరిగ్గా సాధారణంగా ఉన్నాయట.